ఒకే పిప్పి పన్నుకు ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు ఎందుకు చెబుతారు?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ అయిపోయి హౌస్ సర్జన్సీ చేస్తోంది. ఈమధ్య నా దవడ పన్ను పుచ్చితే ఒక డాక్టర్ రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు. ఇంకొకరు ఫిల్లింగ్ చాలన్నారు. మూడో ఆయన ఆరు నెలలు చూద్దామన్నారు. రేపు మా పిల్ల కూడా ఇలాగే చేస్తుందా? చేసిన పనిని బట్టి కమీషన్ మీద తీసుకుంటామంటున్న క్లినిక్‌లో చేరమంటారా, ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చదవమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముగ్గురిలో ఇద్దరు మోసం చేశారని మీ అనుమానం. అయ్యుండొచ్చు కూడా. రూట్ కెనాల్‌కీ 'చూద్దాం'కీ మధ్య దూరం చాలా ఎక్కువ. అయినా ప్రతి తేడా వెనకా మోసమే ఉండదండీ.

పుచ్చు ఎంత లోతుకు వెళ్లిందో తెలిసేది చాలావరకు ఎక్స్‌రేలోని నీడను బట్టే. ఆ నీడ ఒకరికి నరం దాకా వెళ్లినట్టు, ఇంకొకరికి అంచు దగ్గరే ఆగినట్టు కనిపిస్తుంది. గుంట పడకముందు, తెల్లమచ్చగా ఉన్న దశలో అయితే ఫ్లోరైడ్ వార్నిష్‌తో (పంటి మీద పూసే మందు), సరైన బ్రషింగ్‌తో ఆపే వీలుంది. ఇక చదువు సంగతి. వందేళ్లకు ముందే అమెరికాలో జి.వి. బ్లాక్ అనే పళ్ల డాక్టరు నేర్పిన పద్ధతిలో, మళ్లీ పుచ్చకుండా పక్కనున్న మంచి భాగాన్ని కూడా తొలిచి వెండి మిశ్రమం నింపేవారు. ఇప్పుడు దాదాపు తిరగబడింది. నరం దగ్గర మెత్తబడిన భాగాన్ని కొంత అలాగే వదిలి, పైన గట్టిగా మూసేయమంటున్నారు. డాక్టరు ఎప్పుడు చదివారో, తర్వాత కొత్తవి ఎంత నేర్చుకున్నారో చేతిలో తెలిసిపోతుంది.

పేషెంటు వల్ల కూడా నిర్ణయం మారుతుంది. పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చినామె ఆరు నెలలకు మళ్లీ వస్తుందా? రాదనిపిస్తే డాక్టరు ఆ రోజే ఏదో ఒకటి చేసి పంపుతారు. "పీకేయండి సార్, గొడవ వదిలిపోద్ది" అని కుర్చీలో కూర్చునేవాళ్లకూ తక్కువేం లేదు. నల్లగొండ వైపైతే ఫ్లోరైడ్ మచ్చ ఏదో, పుచ్చు ఏదో పోల్చుకోవడమే ఒక పని.

అన్నిటికంటే బలంగా లాగేది డబ్బు లెక్క. మన దగ్గర పళ్ల ఖర్చు ఎక్కువగా పేషెంటు జేబులోంచే పోతుంది, ఎంత పని చేస్తే అంత బిల్లు. ఇంగ్లండ్‌లో దీనికి ఎదురు. అక్కడి ప్రభుత్వ వైద్యంలో 2006 నుంచి చాలా ఏళ్లు, ఒక విడత వైద్యంలో ఒక ఫిల్లింగ్ వేసినా అయిదు వేసినా డాక్టరుకు ఒకే లెక్క కట్టారు. నోరంతా పుచ్చిన పేషెంటు వస్తే నష్టమేనని అక్కడి డెంటిస్టులు గోల పెట్టారు. చివరికి 2022లో ఆ లెక్కను కొంత మార్చారు.

అందుకే మొదటి ఉద్యోగానికి కమీషన్ క్లినిక్ వద్దంటాను. చేతికి అలవాట్లు పడేది మొదటి రెండేళ్లలోనే. జీతం తక్కువైనా స్థిరంగా ఇచ్చే చోట, పక్కన సీనియర్ ఉండే చోట చేరమనండి. ఇంటర్వ్యూలో అమ్మాయి మొహమాటపడకుండా అడగాలి: నెలకు ఇన్ని రూట్ కెనాల్స్ అని టార్గెట్ ఉందా? నేను వేసిన ఫిల్లింగ్ ఊడితే మళ్లీ చేసేది ఎవరు? మొదటి ప్రశ్నకు నవ్వి మాట మార్చితే ఇంటికి వచ్చేయొచ్చు.

ఎండీఎస్ మూడేళ్లు. పుచ్చు పళ్ల మీదే ఆసక్తి ఉంటే కన్జర్వేటివ్-ఎండోడాంటిక్స్ (ఫిల్లింగ్‌లు, రూట్ కెనాల్స్), పిల్లలతో ఓపిక ఉంటే పీడోడాంటిక్స్ (పిల్లల పళ్ల వైద్యం). ఏడాది పనిచేశాక ఎండీఎస్ ప్రవేశానికి నీట్ రాసినా ఆలస్యమేం కాదు.

మీ పన్ను ఎక్స్‌రే ఆ క్లినిక్‌లో అడిగి తెచ్చుకోండి. అమ్మాయికి చూపించి, తనైతే ఏం చేస్తుందో, ఎందుకో చెప్పమనండి.