రోజూ షట్‌డౌన్ చేస్తున్నాననే అనుకున్నాను

ఇంట్లో డెస్క్‌టాప్‌ని పడుకునే ముందు షట్‌డౌన్ చేయాలా, స్లీప్‌లో వదిలేస్తే పాడైపోతుందా అని అడిగారు. మాటిమాటికీ ఆపి ఆన్ చేస్తేనే చెడిపోతుందని మీ అన్నయ్య అంటున్నారనీ, ప్లగ్ పీకేదాకా మీ నాన్నగారు ఊరుకోరనీ రాశారు. నేను ఆ రెండు పక్షాల్లోనూ కొన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణే. స్లీప్‌లో పెట్టుకోండి, ఏమీ కాదు. కాకపోతే పడుకునే ముందు పని సేవ్ చేయాలి, వారానికోసారి రీస్టార్ట్ చేయాలి. ఈ రెండూ నాకు దెబ్బ తింటే గానీ తెలిసిరాలేదు.

మా తాతయ్యది ఒకే ఒక్క ఫొటో మిగిలింది, బ్లాక్ అండ్ వైట్‌ది. ఎవరో దాన్ని మడిచి పుస్తకంలో దాచారు. ఆ మడత గీత సరిగ్గా ఎడమ కనుబొమ్మ మీదుగా పోయింది. ఫొటో స్కాన్ చేసి, గీతని కొంచెం కొంచెంగా చెరుపుతూ, కనుబొమ్మ వెంట్రుకలు ఒక్కొక్కటే దిద్దుతూ ఓ రాత్రి మూడు గంటలు కూర్చున్నాను. నిద్ర ముంచుకొస్తుంటే, పొద్దున ఇక్కణ్ణుంచే అందుకుందామని స్లీప్ నొక్కి పడుకున్నాను. లేచి స్పేస్‌బార్ నొక్కితే తాతయ్య రాలేదు, మదర్‌బోర్డ్ లోగో వచ్చింది. తర్వాత విండోస్ మొదట్నుంచీ లోడ్ అవడం మొదలైంది. పక్క బల్ల మీద డిజిటల్ గడియారం 12:00 అని ఆరుతూ వెలుగుతోంది. రాత్రి ఎప్పుడో కరెంటు పోయి వచ్చిందన్నమాట. నేను వాడే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఆటోసేవ్ లేదు. గీత మళ్ళీ కనుబొమ్మ మీదకి వచ్చి కూర్చుంది.

స్లీప్‌లో ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి. ర్యామ్‌కి మాత్రం సన్నగా కరెంటు అందుతూ ఉంటుంది, మీరు తెరిచి ఉంచినవన్నీ ఉండేది అందులోనే. ఈ ర్యామ్‌కి మహా మతిమరుపు. దానిలో ఉన్నదాన్ని మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి మళ్ళీ గుర్తుచేస్తూ ఉండాలి. కరెంటు పోగానే ఆ గుర్తుచేయడం ఆగిపోతుంది, కాసేపట్లోనే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి ఈ బెంగ లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి ఉంది. అప్పటికే డిస్కులో సేవ్ చేసిన ఫైళ్ళకి సాధారణంగా ఏమీ కాదు, పోయేది సేవ్ చేయనిదే.

దీనికి విరుగుడు హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసేసి, మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత ప్లగ్ పీకినా పర్వాలేదు, ఆన్ చేస్తే వదిలిన చోటికే వస్తారు. స్లీప్ అంత చురుగ్గా లేవదు, అంతే. ఈ రెంటినీ కలిపిన హైబ్రిడ్ స్లీప్ కూడా ఉంది. ర్యామ్‌ని బతికించి ఉంచుతూనే డిస్కులోనూ ఒక కాపీ రాసుకుంటుంది. కరెంటు పోకపోతే క్షణంలో లేస్తుంది, పోతే డిస్కులోంచి తెచ్చుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో స్లీప్ కింద చూడండి. కొన్ని కొత్త మిషన్లలో ఇది కనపడదు, అప్పుడు హైబర్నేట్ వాడుకోండి.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తెలిసింది ఒక్కటే, స్లీప్ నమ్మదగింది కాదని. అందుకని ఏడాదికి పైగా ప్రతి రాత్రీ షట్‌డౌన్ చేశాను, నిష్ఠగా. మీ నాన్నగారు చూస్తే మెచ్చుకునేవారు.

ఇంతలో ఒకరోజు ప్రింటర్ మొండికేసింది. మిషన్ కూడా మందకొడిగా నడుస్తోంది. ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే 'రీస్టార్ట్ చెయ్' అన్నాడు. 'పొద్దున్నే ఆన్ చేశాను కదరా, రోజూ షట్‌డౌన్ చేసే పడుకుంటాను' అన్నాను. 'సరే, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్‌కి వెళ్ళి, సీపీయూ కింద అప్ టైమ్ ఎంతుందో చదువు' అన్నాడు. చదివాను. 41 రోజులు. ఇంకోసారి చదివాను. 41 రోజులే.

సంగతేమిటంటే, 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. ఇది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రామ్‌లు మూతపడతాయి గానీ, లోపలి కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలని నడిపే ప్రోగ్రామ్‌లు) మాత్రం హైబర్నేట్ అవుతాయి. పొద్దున ఆన్ చేస్తే అవే మళ్ళీ లేచి వస్తాయి. తొందరగా ఆన్ అవ్వడానికి పెట్టిన ఏర్పాటు ఇది. దాంతో డ్రైవర్‌లో ఏదైనా చిక్కు పడితే అది రోజూ మీతోపాటు పడుకుని మీతోపాటే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం ఈ దాపరికం ఉండదు, అన్నీ మొదట్నుంచీ లోడ్ అవుతాయి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా అంతే. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, షట్‌డౌన్ కంటే రీస్టార్టే శుభ్రమైన స్నానం. ఆ రోజు రీస్టార్ట్ చేయగానే ప్రింటర్ బుద్ధిగా పనిచేసింది.

రోజుల తరబడి ఆపకుండా నడపడం గురించి ఒక పాత ముచ్చట. విండోస్ 95, 98లకి 49.7 రోజులు ఏకధాటిగా నడిస్తే బిగుసుకుపోయే జబ్బు ఉండేది. ఆన్ అయినప్పటి నుంచీ మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల లెక్క సరిగ్గా అక్కడ నిండిపోయేది. ఇప్పటి వాటికి ఆ బాధ లేదు. కానీ అప్‌డేట్లు చాలావరకు రీస్టార్ట్ అయితే గానీ పూర్తికావు, కొన్ని ప్రోగ్రామ్‌లు పట్టుకున్న ర్యామ్‌ని వదలవు. అందుకే వారానికోసారి అన్నాను.

ఇక మీ అన్నయ్య వాదన. హార్డ్ డిస్క్ మాటిమాటికీ ఆగి తిరిగితే అరుగుతుందన్నది నిజమే, కానీ స్లీప్‌లోనూ అది ఆగుతుంది. కాబట్టి స్లీప్‌కీ షట్‌డౌన్‌కీ అందులో తేడా లేదు. చాలా డెస్క్‌టాప్ డిస్కుల పత్రాల్లో 50,000 సార్లు ఆగి తిరగగలవని రాసి ఉంటుంది. రోజుకి రెండుసార్లు వేసుకున్నా 68 ఏళ్ళు. హైబర్నేట్ వల్ల ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు, అరిగిపోతుందని ఇంకో భయం. రాత్రికి 4 జీబీ రాసిందనుకున్నా ఏడాదికి ఒకటిన్నర టీబీ. 500 జీబీ ఎస్‌ఎస్‌డీల్లో చాలావాటికి 300 టీబీ దాకా రాయొచ్చని కంపెనీలే హామీ ఇస్తాయి. మీరే లెక్క వేసుకోండి.

కరెంటు ఖర్చు సంగతి తేల్చుకుందామని ప్లగ్‌కి పెట్టే మీటర్ ఒకటి తెచ్చి చూశాను. నా మిషన్ స్లీప్‌లో 3 వాట్లు, షట్‌డౌన్‌లో 1 వాట్, తెర ఆపేసి ఊరికే ఆన్‌లో వదిలేస్తే 55 వాట్లు తీసుకుంది. రాత్రికి పది గంటల చొప్పున నెలకి స్లీప్ ఒక యూనిట్‌లోపే, ఊరికే వదిలేస్తే పదహారున్నర యూనిట్లు. మానిటర్ బటన్ నొక్కి 'కంప్యూటర్ ఆపేశాను' అనుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, పేరు చెప్తే గొడవ.

స్లీప్‌తో నాకు వచ్చిన ఇంకో చిరాకు, అర్ధరాత్రి దానంతట అదే లేవడం. 'ఏరా, నీ డబ్బా తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది, ఆపడం మర్చిపోయావా' అని అమ్మ రెండు రోజులు వరసగా అడిగింది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో పవర్ ట్రబుల్‌షూటర్ అన్న చోట చూస్తే, ఎవరు లేపారో వేక్ సోర్స్ అని రాసి ఉంది. నా విషయంలో ఆ దొంగ మౌసే. అద్దం బల్ల మీద పెట్టేవాణ్ణి, కాస్త కదిలినా లేపేస్తోంది. డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కంప్యూటర్‌ని లేపే అనుమతికి టిక్ తీసేశాను. కీబోర్డ్‌కి ఉంచాను. కొందరికి నెట్‌వర్క్ కార్డ్, కొందరికి అప్‌డేట్ కోసం పెట్టిన టైమర్ ఈ పని చేస్తాయి.

పూర్తిగా ఆపాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నాలుగైదు రోజులు ఇంట్లో ఉండకపోతే ఆపేయండి. ఉరుములు మెరుపులు వస్తుంటే షట్‌డౌన్ కూడా చాలదు, ప్లగ్ పీకాల్సిందే, నెట్ కేబుల్‌తో సహా. ఆ విషయంలో మీ నాన్నగారిదే పైచేయి. క్యాబినెట్ విప్పేటప్పుడు ఫ్యాన్ తిరగట్లేదు కదా అని చేయి పెట్టకండి, స్లీప్‌లో ఉంటే లోపల కరెంటు ఉంటుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్ళు, అంటే తాళం లేకుండా ఎవరూ చదవలేకుండా చేసుకున్నవాళ్ళు, మిషన్ పరాయి చేతుల్లో పడే వీలుంటే స్లీప్‌లో వదలకూడదు, తాళం చెవి ర్యామ్‌లోనే ఉంటుంది. కరెంటు తీశాక కూడా ర్యామ్ కొద్దిసేపు గుర్తుపెట్టుకుంటుందనీ, చల్లబరిస్తే ఇంకాసేపనీ 2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు.

ఇప్పుడు నా అలవాటు, రాత్రి కంట్రోల్ ఎస్, తర్వాత స్లీప్, హైబ్రిడ్ ఆన్‌లోనే ఉంది. ఆదివారం పొద్దున ఒక రీస్టార్ట్. తాతయ్య ఫొటో మళ్ళీ మొదట్నుంచీ చేశాను. ఈసారి నాలుగు వెంట్రుకలు దిద్దితే ఒకసారి సేవ్ చేశాను. మీది కూడా రాత్రిళ్ళు దానంతట అదే లేస్తుంటే, వేక్ సోర్స్‌లో ఏమని ఉందో ఇక్కడ రాయండి, చూద్దాం.