కంపెనీ పార్టులా, బయటి పార్టులా?

చిరంజీవి కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

కారు పార్టులన్నీ డీలర్ దగ్గర కాకుండా బయట కొనుక్కుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది కదా అని రాశావు. అన్నిటికీ కలిపి ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఏ పార్టు, ఎవరు తయారు చేసింది అన్న రెండు ప్రశ్నలూ విడివిడిగా వేసుకోవాలి.

కారు కంపెనీ అన్ని పార్టులనూ తానే తయారు చేసుకోదు. స్పార్క్ ప్లగ్గులు ఎన్‌జీకే, డెన్సో వంటి సంస్థల నుంచి, ఫిల్టర్లు మాన్, మాలే వంటి వారి నుంచి తెప్పించుకుని తన డబ్బాలో పెట్టి అమ్ముతుంది. చాలాసార్లు అదే సరుకు తయారీదారు సొంత డబ్బాలో తక్కువకు దొరుకుతుంది. పాత పార్టు విప్పినప్పుడు దాని మీద ఎవరి ముద్ర ఉందో చూసుకో. కొన్నిటి మీద ఆ ముద్రను గీకేసిన జాడ కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఇక వేరే సంస్థలు సొంతంగా చేసేవి. వాటిలో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. యూరప్‌లో అమ్మే బ్రేక్ ప్యాడ్లకు ఆర్90 అనే నిబంధన ఉంది. వాటి పట్టుకూ అసలు ప్యాడ్ల పట్టుకూ 15 శాతానికి మించి తేడా ఉండకూడదు. అలాంటి ముద్ర ఉన్న ప్యాడ్లను నేను నిస్సంకోచంగా వేయిస్తాను.

నేను భయపడేది నకిలీకి. పేరున్న కంపెనీ డబ్బాను అచ్చుగుద్దినట్టు దించేస్తారు. జనం బయటి పార్టునూ నకిలీనీ ఒకే గాటన కట్టేసి, మంచిదాన్ని వదిలేసి చెడ్డదాన్ని కొంటారు. నకిలీ ఆయిల్ ఫిల్టర్ పైకి తేడా ఏమీ కనిపించదు. లోపల కాగితం మడతలు తక్కువగా ఉంటాయి. ఇంజిన్ ఆపాక ఆయిల్ కిందికి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు గట్టిగా ఉండదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు గలగలమని శబ్దం వస్తే అనుమానించు. మరీ చవకగా ఇస్తున్నారంటే కొనకు.

వైపర్లు, బల్బులు, ఏసీ ఫిల్టర్, బ్యాటరీ పేరున్నవి ఎక్కడ కొన్నా ఫరవాలేదు. టైమింగ్ బెల్ట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజినే పోతుంది. వీల్ బేరింగుల్లో కొన్నిటికి ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా నొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ చదివే అయస్కాంతపు వలయం ఒకవైపే ఉంటుంది. అది లేనిది తెచ్చినా, తిరగేసి బిగించినా హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ మాత్రం కంపెనీదే, డీలర్ చేతే.

డీలర్లు దొంగలని నేననను. అయితే సర్వీస్ అడ్వైజర్ ఆదాయం చాలాచోట్ల బిల్లుతో ముడిపడి ఉంటుంది. అందుకే ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ వంటివి జాబితాలో చేరతాయి. కారుతో వచ్చిన పుస్తకంలో ఆ పని ఎన్ని కిలోమీటర్లకు చేయమన్నారో చూపించమను. అందులో లేకపోతే కొట్టేయించు. ప్యాడ్లు అరిగాయంటే ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో అడుగు. కొత్తవి సాధారణంగా 10 నుంచి 12 ఉంటాయి, 3కి దిగితే మార్చక తప్పదు. 6 ఉన్నప్పుడే మార్చేద్దామంటే, మర్యాదగానే వద్దను. మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టించమని పని మొదలు కాకముందే చెప్పు. పని అయ్యాక అడిగితే అవి దొరకవు.

బయటి పార్టు వేస్తే వారంటీ మొత్తం పోతుందని బెదిరిస్తే, ఆ మాట వారంటీ పుస్తకంలో ఎక్కడుందో చూపించమను. అమెరికాలోనైతే 1975 నుంచే అలాంటి షరతులను కట్టడి చేసే చట్టం ఉంది.

డీలర్ దగ్గరికి అసలే వెళ్లవద్దని కాదు. సాఫ్ట్‌వేర్ పనులకూ, రీకాల్‌కూ (తయారీ లోపాన్ని సరిచేయడానికి కంపెనీయే కార్లను వెనక్కి పిలవడం) అక్కడికే వెళ్లాలి. ఈసారి వెళ్లినప్పుడు ఛాసిస్ నంబరు ఇచ్చి, నీ కారుకు రీకాల్ ఏదైనా మిగిలి ఉందేమో కనుక్కో. ఉంటే ఆ పని సాధారణంగా ఉచితంగానే చేస్తారు.

నీ పెదనాన్న