నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు

ప్రశ్న: మా ఆయన పోయాక వచ్చిన డబ్బులో రెండున్నర లక్షలు మరిది వరసయ్యే అతనికి 2023 జులై 18న ప్రామిసరీ నోటు మీద ఇచ్చాను. మరుసటి సంక్రాంతికి ఇరవై వేలు చేతికిచ్చి, తర్వాత మొహం చాటేశాడు. పోయినేడు ఫిబ్రవరిలో లా కాలేజీ పిల్లలు వాళ్ల సార్‌తో పంచాయతీ ఆఫీసుకి వచ్చి, ఉచితంగా నోటీసు రాసి, నాతో సంతకం పెట్టించి పోస్టులో పంపారు. కేసు పడినట్టే అనుకున్నాను. ఇప్పుడు ఫోన్ చేస్తే పరీక్షలంటున్నారు. వాళ్లు నన్ను మోసం చేశారా? నోటు వెనక చెల్లు (కొంత డబ్బు ముట్టినట్టు రాత) వేయిస్తే మూడేళ్లు పెరుగుతుందని దస్తావేజులు రాసే ఆయన అంటున్నాడు. చేయించమంటారా?
(ఒక సోదరి, వరంగల్ జిల్లా)

జవాబు: అమ్మా, మీ కేసంతా ఒక్క తేదీ మీద నిలబడి ఉంది: 2026 జులై 18. ఆ రోజు దాటితే నోటు చిత్తు కాగితమే.

అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకి మూడేళ్ల గడువు నోటు రాసిన రోజు నుంచే నడుస్తుంది. మీరు నోటీసు ఇచ్చిన రోజు నుంచి కాదు. గడువు లోపల కోర్టులో దావా దాఖలు కావాలి, అంతే. నోటీసు గడువును ఆపదు. న్యాయ సహాయం కోసం దరఖాస్తు పెట్టినా ఆపదు. అప్పీలు ఆలస్యమైతే క్షమించమని పిటిషన్ వేసుకోవచ్చు గానీ, దావాకి ఆ వీలు లేదు. అవతలివాడు నోరెత్తకపోయినా సరే, గడువు దాటిన దావాని కోర్టు కొట్టేయాల్సిందే.

పిల్లలు మిమ్మల్ని మోసం చేయలేదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలి. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో మీ గోడు విని, కాగితాలు చూసి, అర్జీలు, నోటీసులు రాసిపెడతారు. మీ కోసం వకాల్తా వేసి కోర్టులో వాదించలేరు. అడ్వకేట్స్ చట్టం ప్రకారం అది ఎన్‌రోల్ అయిన లాయర్ల పని. ఆ నోటీసు మీద మీ సంతకమే ఎందుకుందో ఒక్కసారైనా అడిగారా? ఏడాదికి పైగా కేసు నంబరు కూడా అడక్కుండా కూర్చోవడం మీ నిర్లక్ష్యమే. గడువు తేదీ మీకు కాగితం మీద రాసివ్వకపోవడం మాత్రం ఆ కేంద్రం తప్పు.

ఇక చెల్లు సంగతి. బాకీదారు నిజంగా డబ్బు కట్టి, నోటు వెనక తన చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెడితే, అదీ గడువు లోపలే జరిగితే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. మీ దస్తావేజులాయన చెప్పేది అది కాదు, డబ్బు కట్టకుండానే కట్టినట్టు రాసే దొంగ చెల్లు. నేను చూసిన ఒక నోటుకి ముందు పక్క నీలి సిరా, వెనక చెల్లు నల్ల సిరా. చెల్లు తేదీన తను దుబాయిలో ఉన్నట్టు బాకీదారు పాస్‌పోర్టు ముద్ర చూపించాడు. అసలైన అప్పు కూడా పోయింది, పైగా ఫోర్జరీ కేసు. నోటు మీద ఒక్క అక్షరం కూడా చేర్చకండి, ఆయన చేతికి ఇవ్వకండి. సంక్రాంతికి ఇచ్చిన ఇరవై వేలకి రాత లేదు కాబట్టి గడువుకి పనికిరాదు. దావాలో మాత్రం అది ముట్టినట్టు చూపించి మిగతాది అడగాలి.

ఇంకా నెల పైనే ఉంది, టెన్షన్ పడకండి. రేపే అసలు నోటు (జిరాక్స్ చాలదు), నోటీసు కాపీ, పోస్టు రసీదు, అక్నాలెడ్జిమెంట్ కార్డు, ఆధార్ తీసుకుని కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా సంస్థ ఆఫీసుకి వెళ్లండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు, కోర్టు ఫీజు బాధా ఉండదు. దరఖాస్తు పైభాగంలోనే ‘గడువు 18-07-2026తో ముగుస్తుంది’ అని పెద్ద అక్షరాలతో రాయండి. దారి తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి. కాలేజీ సార్‌ని కలిసి మీ ఫైలు అడిగి తీసుకోండి. పిల్లలు రాసుకున్న వివరాలు కొత్త లాయరుకి పనికొస్తాయి. నోటు మీద సాక్షులుగా సంతకం పెట్టినవాళ్లు ఊళ్లోనే ఉన్నారో లేదో ఈలోపు కనుక్కోండి.

మీ మరిది రాజీకొస్తే లోక్ అదాలత్‌లో అవార్డు (రాజీ ఉత్తర్వు) రాయించుకోండి, అది కోర్టు ఇచ్చే డిక్రీతో సమానం. ‘వచ్చే నెల చూద్దాం వదినా’ అంటే మాత్రం ఆగొద్దు. జులై మొదటి వారానికల్లా దావా నంబరు మీ చేతిలో ఉండాలి.