రాత్రి తొమ్మిదికి గేటు పడ్డాక

ఆత్మకూరు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు అడిగినదానికి ఫోనులోనే చెబుదామనుకుంటే నీ చిన్నది మధ్యలో ఫోను లాక్కుపోయింది. అందుకే కాగితం తీశాను. పిల్లలు రోజూ రాత్రి అడవి కథే కావాలంటున్నారు, నా దగ్గర సరుకు అయిపోయింది, ఏదో ఒకటి అల్లి చెప్పినా పెద్దవాడు భయపడి లైటు ఆర్పనివ్వడు, చిన్నది హుషారెక్కి మంచం మీద గంతులేస్తుంది అన్నావు. ఈ మూడింటికీ కారణం ఒక్కటేనే తల్లీ. నువ్వు చెప్పే అడవి నీకే తెలియదు.

కోపం తెచ్చుకోకు. మొన్న వీడియో కాల్‌లో నీ కథ విన్నాను. సింహం, జిరాఫీ, జీబ్రా, పులి, ఏనుగు అన్నీ ఒకే చెరువులో నీళ్ళు తాగుతున్నాయి. జిరాఫీ, జీబ్రా ఆఫ్రికావి. సింహాలు మన దేశంలో గుజరాత్‌లో, గిర్ అడవీ దాని చుట్టుపక్కలా తప్ప ఇంకెక్కడి అడవిలోనూ లేవు. పిల్లలకు వాటి పేర్లు తెలియకూడదని నేననను. ఏ జంతువు ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో, దేనికి బెదురుతుందో నీకు తెలియకపోతే దానిచేత నువ్వు చేయించగలిగేది వెంటపడి తరమడం ఒక్కటే. రోజూ తరుముడే అయితే కథ రెండు రోజుల్లో పాతబడుతుంది. పైగా పరుగులు పెట్టించాక పిల్లలకు నిద్రెలా పడుతుంది?

ఒక్క అడవిని పట్టుకో. నన్నడిగితే నల్లమలను పట్టుకో. శ్రీశైలం పోతూ బస్సు కిటికీలోంచి నువ్వు చూసిన అడవే. కృష్ణకు ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అటు తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, కణితి (పెద్ద అడవి జింక), కొండముచ్చు, అడవిపంది, ముళ్ళపంది, అలుగు (ఒంటినిండా పొలుసులుండే జంతువు), నెమలి, కొండచిలువ అన్నీ ఉన్నాయి. ఈ అడవితోనే పిల్లల బాల్యమంతా వెళ్ళిపోతుంది, ఇంకో దేశం నుంచి జంతువును అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు కథ మొదలు సంగతి. ఆ అడవి దారిలో రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు. మళ్ళీ పొద్దున ఆరింటికే తీసేది. రాత్రిపూట జంతువులు బండ్ల కింద పడకూడదని ఆ ఏర్పాటు. ఆ గేటు పక్కనే ఒక చిన్న గది, అందులో ఒక కాపలా తాత, సెలవులకు వచ్చిన ఆయన మనవడూ మనవరాలూ ఉన్నారనుకో. ప్రతి రాత్రీ కథ ఇలాగే మొదలవ్వాలి: "తొమ్మిదయింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. తాత గేటు వేసేశాడు. ఇక రోడ్డు ఎవరిదీ?" నీ పిల్లలు జంతువుల పేర్లు అరుస్తారు. అరవనీ, అప్పుడు అరిస్తే ఫర్వాలేదు. ఒకరోజు మొదట రోడ్డు మీదికి వచ్చేది ముళ్ళపంది, తోక ముళ్ళు గలగలలాడించుకుంటూ. ఇంకోరోజు పునుగుపిల్లి. ఆ తర్వాత తాతా పిల్లలూ లాంతరు ముందు కూర్చుని ఆ రోజు పగలు అడవిలో ఏం జరిగిందో చెప్పుకుంటారు.

ఇలా ఎందుకు చెప్పమంటున్నానంటే, సాహసం జరిగిపోయింది, వెళ్ళినవాళ్ళు క్షేమంగా గదిలోకి వచ్చేశారు, తలుపు వేసుకుని అన్నం కూడా తిన్నారు. ఈ సంగతి వినేవాడికి మొదటి మాటలోనే తెలిసిపోతుంది. మీ పెద్దవాడి భయం అడవిని చూసి కాదు, వాళ్ళు ఇంటికొస్తారో రారో అని. ఆ టెన్షన్ ముందే తీసేస్తే పులిని ఎంత దగ్గరికి తెచ్చినా వింటాడు.

కథలో పిల్లల పేర్లు మీవాళ్ళనే పెట్టమను, కాని తమ పేర్లే పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోకు. చిన్నదానికి సరదాగానే ఉంటుంది. భయస్తుడైన పిల్లాడికి తన పేరు వినబడగానే అడవి మంచం కిందికి వచ్చేస్తుంది.

ఇక అసలు సంగతి, సాహసం అంటే ఏమిటన్నది. పులిని కర్రతో కొట్టడం, కొండచిలువను ముడివేయడం లాంటివి వద్దు. మా బళ్ళో చెంచు పెంటల నుంచి, అంటే అడవిలోని చెంచుల గూడేల నుంచి వచ్చే పిల్లలు చదువుకునేవారు. అడవిలో వాళ్ళకున్న బలమంతా చెవుల్లో, కళ్ళల్లో ఉండేది. మనం వంద అడుగులు నడిచి ఏమీ లేదనుకున్న చోట వాళ్ళకు పది సంగతులు తెలిసిపోయేవి. నీ కథలో పిల్లలు అలా గెలవాలి, గమనించి. ఒకటి రాస్తాను చూడు. పైకి చదువు.

"ఎండ తగ్గాక తాతా మనవలూ వాగు గట్టు వెంట నడుస్తున్నారు. మద్దిచెట్టు మీద కొండముచ్చులు కూర్చుని లేతాకులు తుంచి సగం తిని సగం కింద పారేస్తున్నాయి. కింద దుప్పులు ఆ పారేసిన ఆకులు ఏరుకుని తింటున్నాయి. కరకర, కరకర. ఉన్నట్టుండి పైకొమ్మ మీది కొండముచ్చు 'ఖర్ర్!' అంది. దుప్పులు నమలడం ఆపేశాయి. ఒకదాని నోట్లో ఆకు ఇంకా వేలాడుతూనే ఉంది. ఒక పెద్ద దుప్పి ముందుకాలితో నేలను టప్‌మని కొట్టింది. తోకలన్నీ పైకి లేచాయి, అడుగున తెల్లగా. అన్నీ ఒకవైపే చూస్తున్నాయి."

ఇక్కడ ఆపి "ఏ వైపు?" అని అడుగు. మీ చిన్నది బాత్‌రూమ్ వైపు వేలు చూపిస్తుంది. సరే, అటే అను.

"మనవరాలు తాత చొక్కా లాగింది. 'తాతా, కొండముచ్చుకు పైనుంచి ఏదో కనబడింది' అంది గుసగుసగా. తాత తల ఊపాడు. ఎవరూ పరుగెత్తలేదు. ముగ్గురూ మెల్లగా వచ్చిన దారినే వెనక్కి వచ్చేశారు. అంతలో దూరంగా కణితి అరిచింది, 'ఢాంక్!' 'అదిగో, ఆయన వాగు దాటి అవతలికి పోతున్నాడు' అన్నాడు తాత."

ఇందులో కల్పించింది తాతనూ పిల్లలనూ మాత్రమే. కొండముచ్చులు చెట్టుమీంచి కాపలా కాయడం, వాటి ఎంగిలాకులకు దుప్పులు కింద చేరడం, ఒకరి కేకకు ఇంకొకరు జాగ్రత్తపడడం అడవిలో రోజూ జరిగేవే. పులి ఎక్కడా కనబడలేదు, గమనించావా? కథంతా అయ్యాక పిల్లలు నిన్ను అడిగేది ఆ కనబడని పులి గురించే.

మర్నాటి కథ దీనికి కొనసాగింపు. పొద్దున్నే వాగు ఇసుకలో అడుగుజాడ. మధ్యలో పెద్ద మెత్త, ముందు నాలుగు వేళ్ళు, గోళ్ళ గుర్తులు లేవు. కుక్కదైతే గోళ్ళు పడతాయి, ఎలుగుదైతే ఇంకా పొడుగ్గా పడతాయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. మరి ఇది ఎవరిది? పెద్దవాడిని తేల్చమను. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవని చెబితే ఆ పులికి పేరు కూడా వాడే పెడతాడు.

ఎలుగుబంటిని మరిచిపోకు. ఇక్కడి జనానికి పులికంటే ఎలుగంటేనే జంకు, ఎందుకంటే దానికి చూపు అంతంత మాత్రం, ఎదురుపడితే బెదిరి మీదపడుతుంది. కాని పిల్లల కథకు దాన్ని మించింది లేదు. తల్లి ఎలుగు పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిరుగుతుంది. పుట్టను గోళ్ళతో తవ్వి, మూతి లోపలపెట్టి, ముందు 'ఉఫ్' అని దుమ్ము ఊది, తర్వాత 'సుర్ర్' అని చెదల్ని పీల్చేస్తుంది. ఆ చప్పుడు వంద గజాల దూరానికి వినబడుతుంది. ఎండలు ముదిరే రోజుల్లో ఇప్పపూలు రాలితే అక్కడికీ తయారు. ఆ ఊదడం, పీల్చడం అల్లుడికి అప్పగించు. నాకు కథలు రావు అనే మగవాళ్ళకు చప్పుళ్ళ పని ఇస్తే కాదనరు, చూసుకో.

ఒకటి గట్టిగా చెబుతున్నాను. అడవి కథలో ఆకులు కట్టుకుని మంట చుట్టూ హుంబా హుంబా అంటూ ఎగిరే మనుషుల్ని పెట్టకు. టీవీల్లో చూసి చూసి అదే అడవి అనుకుంటున్నారు అందరూ. చెంచుల సంగతి చెప్పాలంటే తేనె కథ చెప్పు. కొండ అంచు నుంచి తాడు పట్టుకుని వేలాడుతూ తేనెపట్టు కోసేవాడు, పైన తాడు పట్టుకోవడానికి తన భార్య తోడబుట్టినవాడిని నిలబెడతాడని చెబుతారు. అక్క పసుపుకుంకాలు ఆ తాడుకే వేలాడుతున్నాయి కదా, వాడు చస్తే వదలడు. పొగ, తేనెటీగల రొద, కింద లోయ, పైన బావమరిది. ఇంతకంటే సాహసం ఏం కావాలి? పెద్దవాడికి బాగా నచ్చుతుంది. చిన్నదానికి బావమరిది అంటే ఎవరో చెప్పేసరికే అరగంట పడుతుంది.

నల్లమల కథలు ముగిశాయనిపిస్తే గోదావరి వైపు పాపికొండలకు పో. నల్లమద్ది చెట్టు తన ఒంట్లో నీళ్ళు దాచుకుంటుంది. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు ఒక చెట్టు బెరడుకు గాటు పెడితే కుళాయి తిప్పినట్టు నీళ్ళు చిమ్మాయి, పేపర్లలో కూడా వచ్చింది. అక్కడి కొండరెడ్లకు అది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. దాహంతో దారితప్పిన పిల్లలకు ఆ చెట్టు దొరికిందనుకో, కథ దానంతటదే నడుస్తుంది. ఊరికే చెట్లకు గాట్లు పెట్టకూడదని మాత్రం తాత చేత చెప్పించు, లేకపోతే మీ చిన్నది అపార్ట్‌మెంట్ కింద ఉన్న కానుగచెట్టును వదలదు.

భయం గురించి ఇంకొక్క మాట. పగలు అన్నం తినకపోతే పులి వస్తుందని మీ పనమ్మాయి అంటోంది, నేను విన్నాను. మాన్పించు. మధ్యాహ్నం బూచిగా చూపించిన పులిని రాత్రి మంచి పాత్రగా ఒప్పించలేం. పులి ఇక్కడికి వస్తుందా అని పెద్దవాడు అడిగితే నవ్వి దాటెయ్యకు, ఉన్నదున్నట్టు చెప్పు: అది ఉండేది అడవిలో, మనిషి అలికిడి వింటే తప్పుకుపోయేదే ఎక్కువ, నువ్వుండేది హైదరాబాద్‌లో అయిదో అంతస్తులో.

ఇక నిద్రపుచ్చడం. ఉత్కంఠ ఏదున్నా మొదటి సగంలోనే అయిపోవాలి. రెండో సగమంతా తిరుగు ప్రయాణమే. అక్కడినుంచి నీ గొంతు తగ్గాలి, ప్రశ్నలు అడగడం మానెయ్యాలి, కొత్త జంతువు రాకూడదు. చివర ఎవరెవరు ఎక్కడ పడుకున్నారో రోజూ ఒకే వరుసలో చెప్పు. కొండముచ్చులు చిటారుకొమ్మల్లో పడుకున్నాయి. నెమళ్ళు ఎగిరి చెట్టెక్కి పడుకున్నాయి. (నెమలి చెట్టు మీద పడుకుంటుందంటే మొదటిరోజు నమ్మరు, చూడు.) దుప్పులు మందగా ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. తాత లాంతరు వత్తి తగ్గించాడు. ఈ వరుస మార్చకు, తొందరగా ముగించాలని ఒక్క జంతువును కూడా వదిలెయ్యకు. వదిలేస్తే పట్టుకుంటారు, లేచి కూర్చుంటారు.

ఊ కొట్టించడం మాత్రం మానకు. మా అమ్మ కథ చెబుతూ ఊ కొట్టకపోతే ఆపేసేది. మేము ఊ కొట్టేది కథ నడవాలని, ఆమె వినేది మాకు నిద్ర ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలని. ఊ ఆలస్యమవుతుంటే నువ్వూ నెమ్మదించు. ఊ ఆగితే నువ్వూ ఆపెయ్యి, కథ మిగిలితే మిగలనీ. మిగిలిన ముక్క రేపటికి పెట్టుబడి. "నిన్న ఎక్కడ ఆపాం?" అంటే వాళ్ళే చెబుతారు, నువ్వు చెప్పనివి కూడా కలిపి చెబుతారు. అవీ వాడుకో.

కథ అయ్యాక ఇందులో నీతి ఏమిటి అని అడిగావంటే ఊరుకోను. బళ్ళో ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంకో కథ కావాలంటే గేటు రేపు రాత్రికే అని చెప్పు. మొదటి రెండు మూడు రోజులు ఏడుస్తారు, ఏడవనీ. వారం తిరిగేసరికి వాళ్ళే తొమ్మిది ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తారు.

సంక్రాంతి సెలవులకు అందరూ ఇటు రండి. దోర్నాల-శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జీపులో అడవి చూపిస్తారు. పిల్లలకు దుప్పుల్ని, నెమళ్ళను చూపిస్తానని మాట ఇవ్వొచ్చు. పులిని చూపిస్తానని మాత్రం ఇవ్వకు. అడుగుజాడ దొరికితే మన అదృష్టం. చిన్నదానికి నిండు చేతుల చొక్కా, అల్లుడికి మంచి బూట్లు తెచ్చుకోండి, పోయినసారి చెప్పులతో వచ్చి ఎంత అవస్థపడ్డాడో గుర్తుందిగా. ఏ రోజు వస్తారో ముందే ఫోన్ చెయ్యి, అరిసెల పాకం ఆ రోజుకు చూసుకుంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ