ఎన్టీఆరా, ఏఎన్నారా అని అడిగితే నా ఓటు ఎస్వీఆర్‌కే

1950, 60 దశకాల తెలుగు సినిమాల్లో ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావులలో ఎవరు మెరుగైన నటులని, ఆ కాలపు చిత్రాలను ఇప్పుడే చూడబోయేవారు దేనితో మొదలుపెట్టాలని మీరు అడిగారు. రెండో ప్రశ్నకు చివర్లో వస్తాను. మొదటిదానికి నా సమాధానం మీకు రుచించకపోవచ్చు, ఎందుకంటే ఆ ఇద్దరిలో ఎవరి పేరూ నేను చెప్పబోవడం లేదు. నా ఓటు ఎస్వీ రంగారావుకు, ఆ వెంటనే సూర్యకాంతానికి. సావిత్రిని ఎవరితోనూ పోటీకి నిలబెట్టడం నాకు ఇష్టం లేదు, కానీ ఆమె ప్రస్తావన రాకుండా ఈ సమాధానం ముందుకు సాగదు.

ఈ అభిప్రాయానికి నేను తేలిగ్గా రాలేదు. మా నాన్న రామారావు పక్షం, మా మేనమామ నాగేశ్వరరావు పక్షం. పండక్కి మామయ్య వచ్చాడంటే భోజనాలయ్యాక 'దేవదాసు' మీద వాదన తప్పేది కాదు. నేను నాన్న వెనకాల చేరి, సగం అర్థమై సగం అర్థంకాని మాటలను ఆయనకు అందిస్తూ ఉండేవాణ్ణి. అన్నేళ్ల వాదనల్లో రంగారావు పేరు ఒక్కసారైనా తగాదాకు రాలేదు. ఆయన గొప్పతనం మీద ఇరుపక్షాలకూ భేదాభిప్రాయం లేదు కాబట్టే మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

తట్టిన సందర్భం కూడా విచిత్రమైనదే. ఇంటర్మీడియట్ సెలవుల్లో 'మాయాబజార్' వీడియో క్యాసెట్టు అద్దెకు తెచ్చుకుని చూస్తుండగా సగంలో మా టీవీకి శబ్దం పోయింది. ఎటు తిప్పినా, నెత్తిన రెండు దెబ్బలు వేసినా లాభం లేకపోయింది. అద్దె ఇచ్చాం కనుక ఆపేది లేదని నాన్న భీష్మించుకున్నారు, పైగా మాటలన్నీ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అలా మిగిలిన సినిమా మొత్తం మూగగా చూశాం. శశిరేఖ (సావిత్రి) రూపంలో ఉన్న ఘటోత్కచుడు (రంగారావు) 'అహ నా పెళ్లియంట' పాట పాడుకునే ఘట్టం వచ్చింది. మామూలుగా అక్కడ సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరి మనల్ని నవ్విస్తుంది. ఆ రోజు రెండు గొంతులూ లేవు. సావిత్రి ఒళ్లు ఒక్కటే మాట్లాడింది. సిగ్గుతో వాలిన కళ్లు ఉన్నట్టుండి పెద్దవవుతాయి, భుజాలు విచ్చుకుంటాయి, ఛాతీ ముందుకొస్తుంది, అడుగు బరువెక్కుతుంది. మరుక్షణంలో అదంతా ఎక్కడికో మాయమై మళ్లీ పెళ్లికూతురు నిలబడి ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటీ దాటని అమ్మాయి అక్కడ అనుకరించినది ఏదో ఒక మగవాణ్ణి కాదు, అచ్చంగా ఎస్వీ రంగారావునే. శబ్దం ఉన్నంతకాలం ఆ సంగతి నా కంటికి ఆనలేదు.

ఆ తరవాత నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఒకరి నడకనూ చూపునూ ఇంకొకరు ఇలా ఎత్తుకోవాలంటే, అసలు మనిషి దగ్గర అంత స్పష్టమైన నడక, అంత గుర్తుండిపోయే చూపు ఉండాలి. రంగారావు ప్రతి పాత్రకూ వేరే నడక కట్టుకున్న నటుడు. 'పాతాళభైరవి' (1951)లోని నేపాళ మాంత్రికుడు వంకర చూపుతో, సాగదీసిన మాటతో జంతువులా పొంచి ఉంటాడు. ఘటోత్కచుడు గద భుజాన వేసుకుని లోకమంతా తన పెరడే అన్నట్టు తిరుగుతాడు, తల్లి హిడింబి ఎదుట మాత్రం పసివాడైపోతాడు. 'నర్తనశాల' (1963)లోని కీచకుడి గర్వం వేరు, అందులో మత్తు ఉంటుంది. ఆ పాత్రకే ఆయనకు జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఈ ముగ్గురినీ ఒకే మనిషి పోషించాడని తెలియనివారికి చెబితే నమ్మరు.

వయసుల లెక్క చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. రంగారావు 1918లో పుట్టారు, రామారావు 1923లో, నాగేశ్వరరావు 1924లో. 'గుండమ్మ కథ' (1962)లో వాళ్లిద్దరికీ తండ్రిగా నటించిన మనిషి వాళ్లకంటే అయిదారేళ్లు మాత్రమే పెద్ద. ఇక సూర్యకాంతం పుట్టినది 1924 అక్టోబరులో, అంటే నాగేశ్వరరావుకు నెల రోజులు చిన్న. ఆయనకు అత్తగా నటించేనాటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. 'మాయాబజార్'లోనైతే తనకంటే ఆరేళ్లు పెద్దవాడైన రంగారావుకు ఆమే తల్లి. ఆ తల్లీకొడుకుల ఆలింగనం చూస్తున్నప్పుడు మనలో ఎవరికైనా ఈ లెక్క గుర్తొచ్చిందా?

సూర్యకాంతాన్ని గయ్యాళి అన్న ఒక్క మాటతో తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది, ఆ పేరే గయ్యాళితనానికి మారుపేరైపోయినా సరే. ఇద్దరు అగ్రనాయకులూ, సావిత్రీ, జమునా ఉన్న సినిమాకు ఆమె పాత్ర పేరు పెట్టారంటే నిర్మాతలకు ఆమె మీద ఎంత గురి ఉండి ఉండాలి! ఎడమచేతిని గాలిలో ఆడిస్తూ ఆమె విసిరే మాటలకు అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ నాకు ఇష్టమైన గుండమ్మ ఆ చెయ్యి ఆడడం ఆగిపోయిన గుండమ్మ. ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఇంట్లో చేరి పెత్తనం లాక్కున్నాక, సొంత ఇంట్లోనే దిక్కులేనిదైన ఆ మనిషి ముడుచుకుపోయే తీరు చూడండి. అంతవరకు సవతి కూతురి చేత చాకిరీ చేయించిన ఆమె మీద జాలి పుట్టించడం మామూలు పని కాదు.

ఇంతమాత్రాన నాయకులిద్దరినీ తక్కువ చేస్తున్నానని అనుకోకండి. పక్కవారికి చోటివ్వడంలోనే వాళ్ల పెద్దరికం ఉందని ఇప్పుడు నా నమ్మకం. రామారావు వెలిగిపోతున్న రోజుల్లోనే అదే 'గుండమ్మ కథ'లో పనివాడి వేషంలో రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ పాట పాడారు. 'నర్తనశాల'లో బృహన్నలగా చీరకట్టారు. తాను దర్శకత్వం వహించిన 'సీతారామ కల్యాణం' (1961)లో రాముడి వేషం హరనాథ్‌కిచ్చి రావణుడి పాత్ర తీసుకున్నారు. నాగేశ్వరరావు 'దేవదాసు' (1953)తో ఆంధ్రదేశాన్ని ఏడిపించిన రెండేళ్లకే 'మిస్సమ్మ' (1955)లో అన్నిటా తలదూర్చే డిటెక్టివ్ మేనల్లుడిగా, రెండో స్థానంలో నిలబడి నవ్వించారు. మామయ్యతో ఇప్పుడు వాదించవలసి వస్తే నేను ఆయన పక్షాన ఎత్తే ఉదాహరణ 'దేవదాసు' కాదు, ఇదే. 'దేవదాసు' నాకు ఎప్పుడూ పూర్తిగా ఎక్కలేదు. పాటలు లేకపోతే ఆ తాగుడును చివరిదాకా భరించగలిగేవాణ్ణా అన్నది నా అనుమానం.

ఆ సినిమాలన్నీ మచ్చలేనివని కూడా చెప్పను. హాస్యం కోసం పెట్టిన పక్కదారులు కొన్నిచోట్ల కథను నిలబెట్టేస్తాయి, 'గుండమ్మ కథ' రెండో సగంలో నాకు ఒకటి రెండుసార్లు కునుకు పట్టిన మాట నిజం. ఇంకో సంగతి: 'మాయాబజార్'కు రంగులు అద్ది 2010లో విడుదల చేశారు. పిల్లలు చూశారన్న సంతోషం ఉన్నా, నేను మాత్రం నలుపు తెలుపులకే కట్టుబడ్డాను. 'లాహిరి లాహిరి'లో మార్కస్ బార్‌ట్లే కెమెరా పట్టిన వెన్నెల నీళ్ల మీద వెండిలా కదులుతుంది; రంగుల్లో అది నీలం పూసిన నీరుగా మిగిలింది.

ఇక మీ రెండో ప్రశ్న. అందరూ 'మాయాబజార్' అంటారు, నేను 'మిస్సమ్మ'తో మొదలుపెట్టమంటాను. పౌరాణికం అలవాటు లేనివారికి అందులో అడ్డుగోడలేమీ ఉండవు: ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగులు భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఒక జమీందారు బడిలో పంతుళ్లుగా చేరతారు, అంతే కథ. నాయికా నాయకుల గిల్లికజ్జాలు మీరు ఎలాగూ చూస్తారు. నా మాట విని, రెండోసారి చూసేటప్పుడు జమీందారు దంపతులుగా వేసిన రంగారావు, ఋష్యేంద్రమణిలను మాత్రమే గమనించండి. సావిత్రి విసుక్కుంటూ ముఖం తిప్పుకుని వెళ్లిపోయిన ప్రతిసారీ, ఎప్పుడో తప్పిపోయిన కూతురిని తెలియకుండానే ఆ పిల్లలో వెతుక్కుంటున్న ఆ ఇద్దరి ముఖాలూ ఎటు తిరుగుతాయో చూడండి.