మొక్క వంగేది వెలుతురు కోసమా, వెలుతురు వల్లా?

సందేహం: 'మొక్క వెలుతురు కోసం వంగుతుంది' అని రాస్తే, సైన్సు చదివిన మా స్నేహితుడు తప్పు పట్టాడు. మొక్కకు ఉద్దేశం ఉండదు, 'వెలుతురు వల్ల' అనాలన్నాడు. ఏది ఒప్పు?

సమాధానం: రెండూ ఒప్పే. వేర్వేరు ప్రశ్నలకు జవాబులవి. ఎలా వంగింది అంటే వెలుతురు వల్ల: ఒక పక్కనుంచి వెలుతురు పడితే ఆక్సిన్ అనే హార్మోన్ నీడ వైపు ఎక్కువగా చేరుతుంది, అక్కడి కణాలు ఎక్కువ సాగుతాయి, దాంతో కాండం వెలుతురు వైపు తిరుగుతుంది. వంగితే దానికేం లాభం అంటే వెలుతురు కోసం: అలా వంగే మొక్కలు బాగా బతికి ఎక్కువ విత్తనాలు వేయడంతో ఆ గుణం తరతరాలుగా నిలిచింది. ఎర్న్‌స్ట్ మేయర్ అనే జీవశాస్త్రవేత్త 1961లో ఈ రెండు రకాల కారణాలనూ స్పష్టంగా విడదీశాడు. మన వ్యాకరణమూ కొఱకు, కై లను చతుర్థీ విభక్తిలో, వలన, పట్టి లను పంచమీ విభక్తిలో పెట్టింది, కానీ అడిగేటప్పుడు మాత్రం అన్నిటికీ 'ఎందుకు' అనేస్తాం, గొడవంతా అక్కడే.

'కోసం', 'డానికి' అన్నంత మాత్రాన మనసు అంటగట్టినట్టు కాదు. 'ఆకులు పచ్చగా ఉండడానికి కారణం పత్రహరితం' అంటాం, అందులో ఉద్దేశమేముంది? గుండె ఉన్నది రక్తాన్ని పంప్ చేయడానికి అంటే ఏ డాక్టరూ కాదనరు. లబ్ డబ్ అని చప్పుడు చేయడానికి అంటే మాత్రం ఒప్పుకోరు, ఆ చప్పుడు కవాటాలు మూసుకోవడం వల్ల వచ్చేది.

నాకు నిజంగా ఇబ్బంది అనిపించేది క్రియ చివర చేరే 'కొను'తో. 'జిరాఫీ మెడ పెంచుకుంది', 'బాక్టీరియా మందుకు తగ్గట్టు తనను మార్చుకుంది' అనగానే ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన పనిలా వినిపిస్తుంది. ('గాలికి తలుపు మూసుకుంది' అన్నప్పటి కొను వేరు, దానంతట అదే అని దాని అర్థం.) లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు 1943లో బాక్టీరియాను చంపే వైరస్‌తో ప్రయోగం చేసి, తట్టుకునే కణాలు వైరస్ తగలకముందే ఆ బాక్టీరియాలో ఉన్నాయని చూపించారు. మందు సంగతీ అలాంటిదే: మిగతావి చచ్చాక ఆ కొన్నే పెరుగుతాయి. ఇది తెలియకే చాలామంది 'నా ఒంటికి యాంటీబయాటిక్ అలవాటైపోయింది' అంటారు, మారింది ఒళ్లు కాదు, లోపలున్న బాక్టీరియా జనాభా. అందుకని మీ మొక్క వాక్యాన్ని అలాగే ఉంచండి, బాక్టీరియా గురించి రాసేటప్పుడు మాత్రం 'మార్చుకుంది' బదులు 'మందుకు చావనివి మిగిలాయి' అనండి.