హెరాల్డ్ ముందు చక్రాల గురించి, మా మేనకోడలికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. బర్కత్‌పురా ఇంటి వెనక షెడ్డులోంచి తాతయ్య హెరాల్డ్ కారుని నలుగురూ కలిసి బయటికి తోశారట. బానెట్ మొత్తం ముందుకు వాల్చి ఉంది. నువ్వు ముందు టైరు మీద కూర్చుని, మోచేతుల దాకా మసితో నవ్వుతున్నావు. మన ఇంట్లో నా తర్వాత ఇంకొకరు ఆ టైరు మీద అలా కూర్చుంటారని నేను ఏనాడూ అనుకోలేదు. ఫోటో మీ అత్తయ్యకి చూపించాను, పక్కింటాయనకి చూపించాను, ఆర్టీసీలో నాతో పనిచేసిన ఇద్దరికి పంపించాను. తర్వాత మళ్లీ పెద్దది చేసి చూస్తే నువ్వు కూర్చున్నది ఎడమ చక్రం మీద. ఇక నిద్ర పట్టలేదు.

ఫోన్ చేస్తే నువ్వు ‘సరే మామయ్యా, సరే’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదువు.

మీ అమ్మ చెప్పినదాన్నిబట్టి నీ ఆలోచన నాకు అర్థమైంది. పైకి చూస్తే 1966 నాటి కారులాగే ఉండాలి. లోపల మాత్రం ముందు డిస్క్ బ్రేకులు, డైనమో తీసేసి ఆల్టర్నేటర్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కొంచెం కిందికి దించిన సస్పెన్షన్, వెడల్పు టైర్లు. పైకప్పు విప్పేసి వెనక్కి వాలిన కూపే ఆకారం చేయించాలనీ, మారుతి ఇంజను ఎక్కించాలనీ కూడా అనుకుంటున్నావట. చివరి రెండూ వద్దు. మిగతావాటి గురించి మాట్లాడుకుందాం.

దాన్ని నువ్వు స్పోర్ట్స్ కారులా చూడటంలో తప్పేం లేదు. మా రోజుల్లో నారాయణగూడలో రెండు తలుపుల కారు వెళ్తే కుర్రాళ్లు ఆగి చూసేవాళ్లు. మికెలోట్టి అనే ఇటలీ ఆయన దాని ఆకారం గీశాడు. ఇంగ్లండులో 1959లో వచ్చింది, మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది. ఇదే ఛాసిస్‌ని కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు, దాన్నుంచే 1966లో జీటీ6 కూపే వచ్చింది. నీకు ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండు కార్లనీ ప్రేమగా చూసుకునేవాళ్లు ఇంగ్లండులో ఇంకా ఉన్నారు, కాబట్టి ముందు సస్పెన్షన్ సామాను ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. మాకు ఆ అదృష్టం లేదు. మేం మద్రాసుకి ఉత్తరం రాసి నెలల తరబడి ఎదురు చూసేవాళ్లం.

కాగితాల పని ముందు చూసుకో. ఆర్‌సీ ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది, నీ పేరుకి మార్పించు. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మారుతి ఇంజను వద్దనడానికి అదొక కారణం. ఇంకోటి ఉంది. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టారు. నంబరులో వీఏ అని వస్తుంది, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు, ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి తీసుకెళ్లడం కూడా కుదరదు. అది కావాలో మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకో. రంగు మార్చినా ఆర్టీఏలో రాయించాలి. తాతయ్య వేయించిన ఆ లేత నీలమే ఉంచితే నాకు సంతోషం.

తుప్పు సంగతి నీకే కనిపిస్తుంది. పుట్టీతో కప్పనివ్వకు, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించు. బాడీని మోసే ఛాసిస్ పక్క చేతుల్ని మాత్రం సుత్తితో కొట్టి చూడు. వైరింగ్ మొత్తం కొత్తది వేయించు. ఆల్టర్నేటర్ పెట్టేముందు బ్యాటరీ ఎర్త్ ప్లస్‌కి ఉందో మైనస్‌కి ఉందో చూసుకో.

ఇక అసలు విషయం.

ఈ కారు ముందు చక్రం దేని మీద నిలబడుతుందో చెబుతాను. నిలువుగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని కింది చివర బొటనవేలంత లావున మరలు కోసి ఉంటాయి. ఆ మరలు ఒక ఇత్తడి ముక్కలోకి దిగుతాయి. దాన్నే ట్రనియన్ అంటారు. నువ్వు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ ఆ ఇత్తడిలో తిరుగుతుంది. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా అక్కడే తగులుతుంది. దానికి పెట్టాల్సింది గ్రీజు కాదు, నూనె. ఈపీ 90 గేర్ ఆయిల్. గ్రీజు మరల మధ్యకి సరిగ్గా పోదు, కొన్నాళ్లకి గట్టిపడుతుంది. వానాకాలం నీళ్లు దిగి ఉక్కు తుప్పు పడుతుంది. ఇత్తడిలో తిరగలేక ఆ కడ్డీ ప్రతి మలుపులోనూ మెలిపడుతుంది. పగులు లోపలే మొదలవుతుంది, పైకి కనిపించదు.

తాతయ్య దగ్గరికి వచ్చే ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు, నాంపల్లిలో షెడ్డు. 1980లో కారు పనులు నేను చూసుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆయన నన్ను కింద పడుకోబెట్టి ట్రనియన్‌కి నూనె పెట్టే చోటి ప్లగ్ చూపించి, “బేటా, ఇస్‌మే తేల్ డాలో, గ్రీజ్ నక్కో” అన్నాడు, ఇందులో నూనె పొయ్యి, గ్రీజు వద్దు అని. నేను తల ఊపాను. అప్పటికి ఆర్టీసీ వర్క్‌షాప్‌లో చేరి ఏడాది అయింది. రోజుకి పది బస్సుల కింద గ్రీజు గన్ పట్టేవాణ్ణి. బస్సంత బరువుని మోసే గ్రీజు ఈ చిన్న కారుకి చాలదా అనుకున్నాను. నాలుగేళ్లు గ్రీజే పెట్టాను. స్టీరింగ్ రాను రాను బరువెక్కింది. టైర్లలో గాలి తక్కువైందేమో అనుకుని గాలి పెట్టించాను. కారు నాకు చెబుతూనే ఉంది, నేను వినలేదు.

1984 జనవరి. తాతయ్య, అమ్మమ్మ ఎవరిదో పెళ్లికని విజయవాడ వెళ్లారు. మీ అమ్మ కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ చదువుతోంది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లమని నాలుగు రోజులుగా నా ప్రాణం తీస్తోంది. తీసుకెళ్లాను. లక్క గాజులు కొంది, మిర్చి బజ్జీలు తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఒక రౌండు వేద్దాం అన్నయ్యా అంది. అప్పటికి హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు లేడు, ఆయన్ని 1992లో నిలబెట్టారు. ఖాళీ నీళ్లు, చల్ల గాలి. అద్దం దించి చెయ్యి బయట పెట్టి పాట పాడుతోంది. నేను అరవైలో పోనిచ్చాను. వెనకే ఒక డబుల్ డెక్కర్ బస్సు వస్తోంది.

పావుగంట తర్వాత మన ఇంటి గేటు దగ్గర, మనిషి నడిచే వేగంలో, స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పాను. ఎండు కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు. కారు ఎడమ వైపు ముక్కు నేలకి ఆనింది. చక్రం అడ్డంగా పడిపోయి ఫెండర్ కింద ఇరుక్కుంది. మీ అమ్మ అప్పుడే ఒళ్లోంచి జారిన గాజుల పొట్లం తీయడానికి ముందుకి వంగింది. డ్యాష్‌బోర్డు అంచు నుదుటికి కొట్టుకుంది. సీటు బెల్టులు ఆ కారుకి లేవు.

ఎడమ కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. నీకు ఆరేళ్లప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి ‘ఇదేంటమ్మా’ అని అడిగితే మెట్ల మీద జారి పడ్డానంది. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి రిక్షాలో వస్తూ తనే నాతో అంది, “అన్నయ్యా, నాన్నకి చెప్పకు. మెట్ల మీద పడ్డానని నేను చెబుతా” అని. తాతయ్య వచ్చేలోపు ఉస్తాద్ ఎక్కడో పాత కారుది ఒక కడ్డీ తెచ్చి బిగించేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. విరిగిన ముక్క మాత్రం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. విరిగిన చోట చూస్తే మూడొంతుల్లో రెండొంతులు గోధుమరంగు తుప్పు, మిగిలిన ఒక్క వంతే కొత్తగా మెరిసే ఉక్కు. అంటే ఆ పగులు నెలల నుంచి ఉంది. మేం ట్యాంక్‌బండ్ మీద అరవైలో వెళ్తున్నప్పుడు, వెనక బస్సు వస్తున్నప్పుడు, మమ్మల్ని మోసింది ఆ ఒక్క వంతే. నలభై ఏళ్లుగా నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా.

ఆ తర్వాత నూనే పెట్టాను. కానీ 1997లో తాతయ్య కారు ఎక్కడం మానేశాక నేనూ మానేశాను. కాబట్టి ఇప్పుడు దాని కింద ఉన్నవి బాగున్నాయని నువ్వు అనుకోవద్దు, ఏ మెకానిక్ చెప్పినా నమ్మవద్దు. రెండు వైపులా కడ్డీలూ ట్రనియన్లూ కొత్తవి తెప్పించు. కుడి ఎడమలకి మరలు వేర్వేరు, కలిపేయకు. బిగించేటప్పుడు చివరిదాకా తిప్పి, తర్వాత కొంచెం వెనక్కి తిప్పాలి. లేకపోతే స్టీరింగ్ పూర్తిగా తిరిగినప్పుడు పట్టేస్తుంది. ప్లగ్ విప్పి ఆయిల్ గన్‌తో నూనె పైనుంచి పొంగేదాకా పెట్టు. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఈపీ 90 రాణిగంజ్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. నువ్వు లేనప్పుడు ఎవరైనా గ్రీజు పెడతారేమోనని నా భయం. ఆ ప్లగ్ పక్కన ఎర్ర పెయింట్‌తో ‘నూనె మాత్రమే’ అని రాసిపెట్టు.

డిస్క్ బ్రేకులు పెట్టించు, నాకు ఇష్టమే. స్పిట్‌ఫైర్‌వి సరిపోతాయి. అయితే వాటికి ఆ నిలువు కడ్డీలు కూడా వాటివే కావాలి. ఎలాగూ మారుస్తున్నావు కాబట్టి రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. బెల్టులు మాత్రం అన్నిటికంటే ముందు. నేల రేకు పల్చన, ఉత్త బోల్టు వేస్తే ఊడి వస్తుంది. కింద మందమైన ఉక్కు పలక పెట్టి బిగించాలి. నాలుగు సీట్లకీ.

సస్పెన్షన్ కిందికి దించడం గురించి. వెనక చక్రాలు రెండూ విడివిడిగా ఊగుతాయి, పైన అడ్డంగా ఒకటే కమాను పట్టా. మలుపులో వేగంగా వెళ్తూ ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పైకి లేచి చక్రం లోపలికి ముడుచుకుంటుంది, కారు తిరిగిపోతుంది. స్పిట్‌ఫైర్‌లో 1970 చివర్నుంచి దీనికోసమే వేరే రకం పట్టా వేశారు. నువ్వు చేసే మార్పుల్లో డబ్బు పెట్టాల్సింది అక్కడ. వెడల్పు టైర్ల మోజు వదిలేయ్. 13 అంగుళాల రిమ్ముకి 155 రేడియల్ చాలు. ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు ఉంది, అది ఎక్కడికీ పోదు. మొదటి ఆరు నెలలు దాని జోలికి వెళ్లకు.

ఇంజను విప్పినప్పుడు వాల్వ్ సీట్లు గట్టివి వేయించు. ఆ హెడ్డు సీసం కలిసిన పెట్రోలు కోసం చేసింది, 2000 నుంచి ఆ పెట్రోలు లేదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది పాత రబ్బరుని తినేస్తుంది. పైపులు, పంపులో డయాఫ్రం అన్నీ కొత్తవి వేయించు. మే నెలలో వేడెక్కుతుందని భయపడి ఫ్యాను మీద ఫ్యాను పెట్టకు, ముందు రేడియేటర్ విప్పి కడిగించు.

డైనమో పెట్టె తీసేస్తే పారేయకు. తాతయ్య దాన్ని ప్రతి దసరాకి పసుపు కుంకుమ పెట్టి తుడిచేవారు.

నీకు డబ్బు ఎక్కడైనా తక్కువ పడితే రంగు ఆపేయ్, ముందు చక్రాల పని ఆపకు. నా పెన్షన్‌లోంచి ఆ కడ్డీలకీ ట్రనియన్లకీ అయ్యే ఖర్చు నేనే పెట్టుకుంటాను. వద్దనకు తల్లీ, అది నేను ఎప్పుడో ఇవ్వాల్సిన బాకీ.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించాలో వద్దో నీ ఇష్టం. బండి రోడ్డెక్కిన రోజున తనని ముందు సీట్లో కూర్చోమని అడుగు. వద్దంటే బలవంతం చేయకు. సరేనంటే బెల్టు నువ్వే పెట్టు.

నేను ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. ఆయిల్ గన్, ఆ విరిగిన ముక్క రెండూ తెస్తాను. నేను వచ్చేదాకా ఎడమ చక్రం విప్పకు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని, కింద చెక్క దిమ్మెలు పెట్టకుండా కారు కిందికి దూరావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను.

మీ మామయ్య